ఇసుకలో మిగిలిన నాలుగు పాదులు

ఫ్రాన్సు దేశంలో లువార్ నది ఒడ్డున మోర్లియే అనే పల్లెలో అర్మాన్ అనే ద్రాక్షరైతు ఉండేవాడు. మనిషి కష్టజీవే గానీ తన నేలను చూసుకుని మిడిసిపడే గుణం మాత్రం అతనిలో పుట్టెడు ఉండేది.

ఆ మిడిసిపాటుకు కారణం లేకపోలేదు. ఊరి వెనక కొండవాలు అంతా సున్నపురాయి. ముట్టుకుంటే సుద్దలా చేతికి అంటుకునేది. ఆ రాతి సందుల్లోకి వేళ్లు దించిన షెనాన్ అనే తెల్లద్రాక్షతో చేసిన వైన్ కొత్తలో నాలుక కొరికినంత పుల్లగా ఉండేది. దాన్నే సీసాల్లో పోసి, కొండలో తొలిచిన గుహలో పదేళ్లు దాస్తే తేనె వాసన వేసేది. నది పక్కన నేల వేరు. మన గోదావరి లంకల్లాగా అక్కడంతా ఇసుకే. అదే ద్రాక్షను అక్కడ పండిస్తే తేలికపాటి వైన్ వచ్చేది. ఆ ఏడు చేసింది ఆ ఏడే తాగేయాలి. ఎండలో పని చేసి వచ్చినవాళ్లకు అంతకంటే హాయి మరొకటి లేదు గానీ, దాన్ని దాచుకుని గొప్పలు చెప్పుకునేవాళ్లు ఎవరూ లేరు.

తండ్రి పోయాక కొండవాలు అర్మాన్ తీసుకున్నాడు. ఇసుక నేల చెల్లెలు లియోని వాటాకు వచ్చింది. రెండు చోట్లా ఉన్నది మాత్రం ఒకే రకం తీగ. వాళ్ల తాత ముప్పై ఏళ్లు మంచి పాదులు ఏరి ఏరి పెంచిన షెనాన్ అది. కాయ చిన్నది, రుచి చిక్కన. అలాంటిది చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేదు. లియోని భర్త చిన్నవయసులోనే పోయాడు. ద్రాక్ష పిండే యంత్రం ఆమెకు లేదు. ఏటా పంట బండికెత్తి అన్న ఇంటికి తెచ్చి పిండుకునేది.

ఒకసారి పట్నం నుంచి ఒక పెద్ద వర్తకుడు అర్మాన్ ఇంటికి భోజనానికి వచ్చాడు. బల్ల మీదున్న లియోని వైన్ పొరపాటున గ్లాసులో పోసుకుని తాగి, ఇదీ మీ ఇంటిదేనా అని నవ్వాడు. అర్మాన్‌కు తల కొట్టేసినట్టయింది. మర్నాడే చెల్లెలి దగ్గరికి వెళ్లి, ఆ తోట పీకేసి బంగాళాదుంపలు వేసుకోమన్నాడు.

“అది తాత తీగ అన్నయ్యా. దాని మానాన దాన్ని ఉండనీ,” అంది లియోని.

“తాత తీగ కొండమీద భద్రంగా ఉంది. నీ ఇసుకలో ఉన్నది మన పేరు చెడగొట్టడానికే ఉంది,” అన్నాడు అర్మాన్. పీకకపోతే వచ్చే ఏటి నుంచి తన యంత్రం ముట్టుకోనివ్వనని కూడా చెప్పాడు.

యంత్రం లేకపోతే పండించిన పండు కుళ్లిపోవలసిందే. లియోని ఆ చలికాలం ఇరవై వరసల తోటనూ పీకించింది. వాకిట్లో నీడ కోసం పందిరెక్కించిన నాలుగు పాదులు మాత్రం ఉంచుకుంటానని అడిగింది. వాటిని ఎవరు చూస్తారులే అని అర్మాన్ ఊరుకున్నాడు.

రెండేళ్లు తిరిగేసరికి కొండమీద ఆకులు పసుపురంగుకు తిరిగాయి. వ్యవసాయం చదివిన ఒక ఉద్యోగి వచ్చి, ఒక పాదు తవ్వి, వేళ్లను పీల్చే సన్నని పేనును భూతద్దంలో చూపించాడు. దానికి మందు లేదన్నాడు. సముద్రం అవతలి అడవి ద్రాక్షను ఆ పేను ఏమీ చేయలేదనీ, ఆ మొక్క మొదలు మీద మన కొమ్మను అంటు కట్టడమొక్కటే దారనీ చెప్పాడు. కొమ్మల్లో బలం ఉండగానే కోసి పెట్టుకోమన్నాడు.

“రోగాలు నాసిరకం నేలలకు వస్తాయి. నాది సున్నపురాయి,” అన్నాడు అర్మాన్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం అతను. మరింత ఎరువు వేయించాడు, అంతే.

మూడో ఏడు చలికాలానికి కొండవాలు అంతా ఎండిపోయింది. అప్పుడు అర్మాన్ అంటు కట్టడానికి ఒప్పుకున్నాడు. అడవి ద్రాక్ష మొక్కలు తెప్పించి, కొమ్మ కోసం తోటంతా వెతికాడు. గడ్డిపోచ కంటే లావుగా ఒక్క పుల్ల కూడా కనబడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇలాగే ఉంటుంది. తాత ముప్పై ఏళ్ల కష్టం తన చేతుల్లో చచ్చిపోయిందని అర్మాన్ ఆ రాళ్ల మధ్య కూర్చుని ఏడ్చాడు.

అంటు కట్టడం చూపించడానికి వచ్చిన ఉద్యోగికి జాలి వేసింది. “ఆ పేను ఇసుకలో పాకలేదు. మీ తీగ ఇసుక నేలలో ఎక్కడైనా ఉందా?” అని అడిగాడు.

అర్మాన్‌కు చెల్లెలి వాకిట్లో పందిరి గుర్తొచ్చింది. లేచి కొండ దిగాడు.

లియోని వాకిట్లో పందిరి మీద కొమ్మలు వేలెడు లావున, నిగనిగలాడుతూ ఉన్నాయి. అర్మాన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లియోనికి సంగతి ముందే తెలుసు. కత్తెర తెచ్చి అతని చేతికిచ్చింది.

“ఇరవై వరసలుండేవి అన్నయ్యా. వాటి కొమ్మలతో ఒక్క ఏడాదిలో కొండంతా నిండేది. ఇప్పుడు ఈ నాలుగే.”

“నేనే పీకించాను,” అన్నాడు అర్మాన్.

“పీకించావు,” అంది లియోని. అన్నను ఓదార్చాలని ఆమెకు అనిపించలేదు. అయినా నిచ్చెన వేసి, పై కొమ్మలు తనే వంచి పట్టుకుంది.

నాలుగు పాదుల కొమ్మలతో రెండు వందల అంట్లు కట్టారు. వాటిలో సగం కూడా బతకలేదు. మరుసటి ఏడు మళ్లీ ఆ నాలుగు పాదుల దగ్గరికే వెళ్లవలసి వచ్చింది. అలా అలా కొండవాలు నిండడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మళ్లీ తేనె వాసన వేసే సీసా తెరిచే నాటికి అర్మాన్ తల ముగ్గుబుట్టయింది. ఈలోగా లియోని తన ఇసుకలో తిరిగి తీగలు నాటుకుంది. గుంటలన్నీ అర్మానే తవ్వాడు, ఒక్క కూలిని కూడా పెట్టలేదు.

ఆ తర్వాత ఇంటికి ఎవరు వచ్చినా అర్మాన్ ముందు చెల్లెలి వైన్ పోసేవాడు. “ఇది మా లియోనిది. ఇది లేకపోతే నాది లేదు,” అనేవాడు.

మన గొప్ప నిలబెట్టుకోవడానికి ఎదుటివాళ్లకున్న కొద్దిపాటిదాన్ని పీకించకూడదు; మనకు ఆపద వచ్చిన రోజున చెయ్యి చాచవలసింది దాని ముందరే కావచ్చు.