పరిచయంలో ఏం రాయాలి

"పరిచయంలో ఏం రాస్తే ఓట్లు బాగా పడతాయి టీచర్ గారూ?" అని ఇందుమతి అడిగింది.

వకుళ టీచరు అడగ్గానే జవాబిచ్చే మనిషి కాదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటుంది. తుడవడం అయ్యేదాకా అడిగినవాళ్ళు ఆగాలి. తెనాలిలో ఒక గ్రంథాలయం మేడమీద, ఆదివారం పూట, గొలుసులో కొత్తగా చేరేవాళ్ళకి ఆవిడ పాఠం చెబుతుంది. గొలుసు అని మేం అనుకునేది బ్లాక్‌చెయిన్ మీద నడిచే బ్లాగుల సైటుని. అక్కడ రాసినదానికి చదివినవాళ్ళు ఓట్లు వేస్తారు, ఆ ఓట్లు డబ్బుగా మార్చుకోగల నాణేలవుతాయి. రాసింది ఒక్కచోట ఉండదు. ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఒకేసారి నిలిచిపోతుంది. తీసెయ్యమని అడుగుదామంటే యజమాని లేడు.

పాస్‌వర్డు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, పోతే తిరిగి ఇచ్చేవాళ్ళు లేరు. ఇంకొకరి రాత ఎత్తి పెట్టకండి. ఓట్లు అడుక్కోకండి. ఇవన్నీ టీచరు అప్పటికే చెప్పింది, అందరూ రాసుకున్నారు. ఇందుమతి రాసుకోలేదు. ఆమె పరిచయం ఫోనులో సిద్ధంగా ఉంది, నొక్కడమే తరువాయి.

కొత్తగా వచ్చినవాళ్ళు తమ పేరూ తేదీ వేసిన కాగితం పట్టుకుని ఫోటో దిగాలి, దాని కింద తమ గురించి రాయాలి. అది అక్కడి ఆనవాయితీ. పెద్ద ఓట్లున్న పాతకాపులు పనిగట్టుకుని వచ్చి చూసేది ఆ మొదటి రాతనే. అందుకని ఎవరైనా సరే, ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే బరువైనది తెచ్చి అందులో పెడతారు.

"మీరేం రాశారమ్మా?" అంది టీచరు.

"మా వాడి సంగతండీ. తాగుడు మాన్పించే సెంటర్లో పెట్టాం కదా. ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఉద్యోగం కూడా చూసుకుంటున్నాడు. నలుగురికీ ఉపయోగపడుతుందని."

"పడుతుంది. అబ్బాయి చదివాడా?"

"వాడికి తెలుగు చదివే ఓపిక ఎక్కడిదండీ, నా చీటీలే చదవడు."

మేం నవ్వాం. టీచరు నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుంది.

ఇందుమతి కూర్చున్న బల్ల మీదే అంతకు ముందు ఒకావిడ కూర్చునేదట. పేరు చెప్పను అంది టీచరు. జాకెట్లు కుట్టుకునే మనిషి. తన పరిచయంలో కూతురి గురించి రాసింది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున ఆ పిల్ల చేసుకోబోయిన పని గురించి, ఆస్పత్రి వరండాలో తను కూర్చున్న బెంచీ గురించి, పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడగడం గురించి. చాలా బాగా రాసింది. ఎక్కడెక్కడి వాళ్ళో చదివి ఏడ్చామన్నారు. అన్ని ఓట్లు అంతకు ముందు మన తెలుగువాళ్ళెవరికీ పడలేదు. ఆ నాణేలతో ఆవిడ కూతురికి నర్సింగు కాలేజీలో కట్టుకోవడానికి తెల్లబట్టలు కొన్నది.

ఆ కాలేజీలోనే ఎవరో చదివారు. ఒకరు చదివితే హాస్టలంతా చదివినట్టే. ఇంజెక్షన్ల గదిలో మందుల బీరువా తాళాలు ఆ పిల్ల చేతికి ఇవ్వద్దని ఒక స్నేహితురాలు వేళాకోళం ఆడింది. పిల్ల ఇంటికి వచ్చి ఒకే మాట అంది. "తీసెయ్యమ్మా."

ఆవిడ దిద్దబోయింది. మొత్తం చెరిపి ఒక్క చుక్క పెట్టింది. చుక్క కింద పాతది అలాగే ఉంది, కావాలన్నవాళ్ళకి కనబడుతూ. అప్పుడు ఆవిడకి ఇంకో ఉపాయం తోచింది. పైన కొత్తవి పడుతుంటే పాతది అడుక్కి పోతుంది కదా. మిషను పక్కన పెట్టి రాయడం మొదలుపెట్టింది. చేతికుట్లు, ముగ్గులు, గోరింటాకు, ఏది తోస్తే అది. ఒకరోజు నిమ్మకాయ ఊరగాయ గురించి రాసింది. దాని కింద ఎవరో రాశారు. "నోరూరించారండీ. అమ్మాయి ఇప్పుడెలా ఉంది?" ఆ పక్కనే పాత రాతకి లింకు కూడా పెట్టారు, తెలియనివాళ్ళు చదువుకోవడానికి. అందరూ మంచివాళ్ళే. అందరూ ఓట్లు వేశారు.

"తర్వాత?" అని వెనక బల్ల నుంచి ఎవరో అడిగారు.

"తర్వాత ఏముంది. ఆవిడ రోజూ పిల్లకి ఫోను చేస్తుంది. తిన్నావా అని అడుగుతుంది. 'అదీ రాస్తావా?' అంటుంది పిల్ల. ఈ మధ్య అదీ అనడం లేదట. ఎత్తుతుంది, వింటుంది, పెట్టేస్తుంది."

కన్నపిల్ల అలా ఫోను పట్టుకుని ఊరుకుంటే ఆ ఊరుకోవడం ఎలా ఉంటుందో మాలో కొందరికి తెలుసు. కింద గదిలో పేపరు మడతపెడుతున్న చప్పుడు వినిపించింది.

ఇందుమతి ఫోను వంక చూసుకుంది. తెర మీద ఆమె ఫోటో, గడ్డం కింద కాగితం, కాగితం మీద గుండ్రటి అక్షరాలతో పేరు, ఇంటిపేరుతో సహా. వేలితో ఆ ఫోటోని పైకి జరిపి కింద రాసింది మొత్తం ఒకసారి చదువుకుంది. ఆమె ముఖం తేటపడింది.

"నాది అలా కాదులెండి టీచర్ గారూ. మా వాడి పేరు నేనెక్కడా రాయలేదు. 'మా అబ్బాయి' అని మాత్రమే రాశాను."

వకుళ టీచరు ఈసారి కళ్ళజోడు తియ్యలేదు.

"ఆవిడా రాయలేదమ్మా," అంది. "'మా అమ్మాయి' అని రాసింది. అంతే."