పసుపు కుంకాల ఫిడేలు

అనగనగా ఒక ఊరు. ఏ ఊరని అడక్కండి, గోదారి గట్టున ఏదో ఒకటి అనుకోండి. ఆ ఊరికి జగ్గభూపతిగారని ఒక రాజు. ఆయన కోడలు చారుమతి. కథంతా ఈ చారుమతిదే, గుర్తుపెట్టుకోండి. ఏది కనబడినా ఇదెందుకిలా ఉందని అడక్కపోతే ఆ పిల్లకి అన్నం సయించదు. అచ్చం మన గోపీగాడే. ఒరేయ్, కాలు తియ్యరా నా మీంచి.

చారుమతి కాపరానికి రాకముందే అత్తగారు, అంటే రాణీగారు, పోయారు. ఆవిడ కొత్తపెళ్ళికూతురుగా వచ్చినప్పుడు రాజుగారు ముచ్చటపడి రెండు వాయిద్యాలు ఓడమీద తెప్పించారట. ఒకటి ఏనుగంత పియానో, ఇంకోటి చంకలో పట్టేంత ఫిడేలు. ఫిడేలు రాణీగారు రోజూ పొద్దున్నే వాయించుకునేవారు. పియానో మాత్రం అందరిదీను. పెళ్ళంటే మోగించారు, పేరంటమంటే మోగించారు, చుట్టాల పిల్లలైతే దానిమీదెక్కి గెంతారు. రానురాను దాని గొంతు బొంగురుపోయి, తలుపు కొట్టినట్టు టకటకా అనడం మొదలెట్టింది.

రాణీగారు పోయాక రాజుగారు ఆ పియానోని చూశారు. వాయించి వాయించే దీన్ని పాడుచేశారు, నా రాణి ఫిడేలుని మాత్రం ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు అని ఆజ్ఞ వేశారు. మరి వాయించకపోతే ఏం చేస్తారు? పూజ చేస్తారు! శుక్రవారం వస్తే చాలు, ఫిడేలుకి పసుపు రాయడం, కుంకం బొట్లు పెట్టడం, గంధం పుయ్యడం, సాంబ్రాణి పొగ వెయ్యడం, మళ్ళీ పట్టుగుడ్డ చుట్టి పెట్టెలో పెట్టడం. మళ్ళీ శుక్రవారం, మళ్ళీ పసుపు, మళ్ళీ కుంకం, మళ్ళీ గంధం, మళ్ళీ పెట్టె. ఊ కొడుతున్నారా? ఆఁ, కొట్టండి మరి.

ఇలా ఏళ్ళు గడిచాయి. రాజుగారు ముసలివారైపోయారు. ఆయనకొక దిగులు పట్టుకుంది. రాణి మొహం జ్ఞాపకం ఉంది గానీ, ఆవిడ సందడి ఎలా ఉండేదో మర్చిపోతున్నారట. ఫిడేలు వింటే గుర్తొస్తుందని ఆశపడి ఒక పెద్ద విద్వాంసుణ్ణి పిలిపించారు. ఆయన ఫిడేలు సవరించుకుని కమాను వేశాడో లేదో, జలుబు చేసిన మేక అరిచినట్టు ఒక అరుపు అరిచింది. ఎంత తంటాలు పడినా అంతే. రాజుగారు లేచి నిలబడి, దీని ప్రాణం కూడా పోయింది, విరిగిన దేవుడి బొమ్మని కలిపినట్టు కార్తీక పున్నమికి గోదాట్లో కలిపేద్దాం అన్నారు.

చారుమతి ఇది విని ఊరుకోలేకపోయింది. అత్తగారిదంటూ ఆ ఇంట్లో మిగిలింది అదొక్కటే. అదీ పోతే ఈ ముసలాయన ఏం కావాలి? అందుకని, అప్పటిదాకా పూజ నేను చేస్తానండీ మావయ్యగారూ అని అడిగి పెట్టె తీసుకుంది.

తీసుకుని తిన్నగా ఎక్కడికెళ్ళింది? పియానో దగ్గరికి! మూత ఎత్తి లోపలికి తొంగిచూసింది. ఒక మెట్టు నొక్కితే ఒక చెక్కసుత్తి లేస్తుంది, సుత్తి లేస్తే తీగని కొడుతుంది, తీగని కొడితే అడుగు పలక ఊగుతుంది, పలక ఊగితే హాలంతా మోగుతుంది. సుత్తి తలమీద మెత్తని ఉన్ని ఉంటుందర్రా. కొట్టీ కొట్టీ ఆ ఉన్ని రాయిలా గట్టిపడింది, దానిమీద తీగల గాట్లు పడ్డాయి. మిగిలింది చిమటలు తినేశాయి. తీగలేమో బిగువు సడలి వేళ్ళాడుతున్నాయి. ఓహో ఇదా సంగతి అనుకుంది చారుమతి.

తర్వాత ఫిడేలు. కన్నాల్లోంచి చూస్తే సుత్తీ లేదు, ఉన్నీ లేదు, అంతా డొల్ల. పల్చటి చెక్క వణకడమే దాని పనంతా. అలాంటి చెక్కకి ఇంత పసుపూ గంధమూ మెత్తితే ఎలా వణుకుతుంది? మెత్తటి పొడిగుడ్డతో ఓపిగ్గా తుడిచింది, కన్నాల చుట్టూ పేరుకున్నది రాల్చింది. కొత్త తీగలు వేయించింది, కమానుకి గుగ్గిలం రాసింది. చెమ్మ తగలకుండా, మావయ్యగారికి వినబడకుండా ధాన్యపు కొట్లో కూర్చుని వాయించడం మొదలెట్టింది. పాపం ఆ పిల్లకొచ్చింది సరళీ వరసలే. మొదట్లో కొట్లో ఎలకలు కూడా బయటికి పరిగెత్తాయి. అయినా వదల్లేదు. రోజూ సరిగమ, రోజూ పదనిస. రాగా రాగా ఫిడేలు గొంతు విచ్చుకుంది.

ఏమిటే పిల్లా? ఫిడేలు బాగుపడిందా, చారుమతి చెయ్యి బాగుపడిందా అంటావా? మంచి ప్రశ్నే. వాయిస్తుంటే కర్ర మేలుకుంటుందని కొందరంటారు, కాదు వాయించేవాళ్ళే మేలుకుంటారని కొందరంటారు. నాకు తెలీదమ్మా. చారుమతికీ తెలీలేదు.

కార్తీక పున్నమి వచ్చింది. రేవులో పడవ సిద్ధంగా ఉంది. రాజుగారు పెట్టె తెరిస్తే ఏముంది, ఖాళీ! ఇల్లంతా వెతికించారు. ఇంతలో ధాన్యపు కొట్లోంచి సన్నగా సరిగమ వినబడింది. ఆయన కోపంగా వెళ్ళి తలుపు తోశారు. చారుమతి కంగారుపడి, పైకెళ్ళే సరిగమల్లో ఒక్కచోట తడబడింది.

తిట్టబోయిన రాజుగారు ఆగిపోయారు. "మళ్ళీ వాయించమ్మా" అన్నారు.

వాయించింది. మళ్ళీ అక్కడే తడబడింది. రాజుగారు పకపకా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"మీ అత్తగారూ కొత్తలో సరిగ్గా ఇక్కడే తప్పేది. తప్పి, నాలిక కరుచుకుని, నావైపు చూసేది. ఇన్నాళ్ళూ ఆవిడ కచేరీలే గుర్తుచేసుకుందామని చూశాను. ఇది మర్చేపోయానమ్మా."

రేవులో పడవవాణ్ణి ఇంటికి పొమ్మన్నారు. పియానో సుత్తులకి కొత్త ఉన్ని వేయించి తీగలు బిగించారు, అదీ పలికింది. ఇక శుక్రవారం పూజంటారా, పువ్వొకటి పక్కన పెట్టి, దణ్ణం పెట్టుకుని, వాయించడమే. అందరూ హాయిగా ఉన్నారు.

కాబట్టి పిల్లలూ, కొన్ని వాడితే అరుగుతాయి, కొన్ని వాడకపోతే మూగపోతాయి. ఏది ఎలాంటిదో మూత తీసి చూసుకోవాలి, మనుషులనైతే అడిగి తెలుసుకోవాలి. కథేమో కంచి దారి పట్టింది, మీరింక దుప్పట్లో దూరండి.