హేమాంగదుడు తుడిచేసిన గొంతులు

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకి హేమాంగదుడని ఒక్కడే కొడుకు.

ఒకనాడు హేమాంగదుడు అడవిలో సాలెగూట్లో చిక్కుకున్న మిణుగురుని విడిపించాడు. అది అతన్ని ఒక చెట్టు తొర్ర దగ్గరికి తీసుకెళ్ళింది. తొర్రలో నల్లటి పలక ఉంది.

"రాకుమారా, చెయ్యాల్సిన పని దీనిమీద రాయి. రాత చివర వాలి మిణుకుమిణుకుమంటూ ఉంటాను. నువ్వు 'ఊఁ' అనగానే చేసేస్తాను. ఒక్క మాట! రాసిందే చేస్తాను. నీ మనసులో ఉన్నది నాకు తెలీదు" అంది మిణుగురు.

'వెతుకు' అని రాస్తే వెతికేది. 'ఏరు' అని రాస్తే ఏరేది. 'పేర్చు' అని రాస్తే పేర్చేది. మూడూ వరసగా రాసి వాటికో పేరు పెడితే, ఆపైన ఆ పేరొక్కటి రాస్తే చాలు, మూడు పనులూ జరిగిపోయేవి. గుర్రాల జీనులు వెతకడానికి ఒక పేరు, బాణాలు పొడుగుల వారీగా సర్దడానికి ఒక పేరు పెట్టుకుని రాకుమారుడు హాయిగా ఉన్నాడు.

అంతలో, ఏడు సముద్రాల అవతల దీవిలో జటిలుడనే మాంత్రికుడు రాకుమారి మందారికనీ ఆమె ప్రజలనీ చెరపట్టాడని తెలిసింది. హేమాంగదుడు పలక చంకన పెట్టుకుని, మిణుగురుని తలపాగా మీద కూర్చోబెట్టుకుని, సముద్రం తర్వాత సముద్రం దాటి ఆ దీవి చేరాడు.

"మూడు పనులు చెయ్యి, అందర్నీ వదిలేస్తా. ఒక్కటి తప్పినా నువ్వూ నా బానిసవే" అన్నాడు జటిలుడు.

మొదట నువ్వులూ ఆవాలూ గసగసాలూ కలిపిన కొండంత రాశి చూపించాడు. హేమాంగదుడు 'ఏరు, పేర్చు' అని రాశాడు. అయిపోయింది. తర్వాత వెయ్యి గదుల కోటలో రాకుమారి కాలి మువ్వ దాచాడు. 'మువ్వ వెతుకు, తీసుకురా' అని రాశాడు. అదీ అయిపోయింది. మందారిక సంతోషంతో నవ్వింది. ఆ నవ్వు విని హేమాంగదుడికి గర్వం తలకెక్కింది.

"కోటలో సాలెగూళ్ళన్నీ తుడిచెయ్యి" అన్నాడు మాంత్రికుడు.

హేమాంగదుడు ఆమెనే చూస్తూ 'అన్నీ తుడిచెయ్యి' అని రాసి, 'ఊఁ' అన్నాడు.

"అన్నీ అంటే ఏవి, రాకుమారా?" అంది మిణుగురు.

"ఊఁ అన్నానుగా! అడక్కుండా చెయ్యి!"

సాలెగూళ్ళు పోయాయి. గోడల మీద బొమ్మలు పోయాయి. తోటలో పూల వాసన పోయింది. మందారిక నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట రావడంలేదు. హేమాంగదుడు గబగబా అరచేత్తో పలక చెరిపేశాడు. అప్పటికే దీవిలో అందరి గొంతులూ పోయాయి. తన వంతు రాకముందే చెరిపేశాడు కాబట్టి అతని గొంతూ, మిణుగురు గొంతూ మాత్రం మిగిలాయి.

జటిలుడి పక్కన పంజరంలో ఉన్న చిలుక నోరు తెరిచింది. కూత రాలేదు. జటిలుడి ప్రాణం ఆ కూతలోనే ఉంది. అతను నిలువునా కూలిపోయాడు.

జనం పరుగున వచ్చి హేమాంగదుణ్ణి భుజాలకెత్తుకున్నారు. తమ గొంతులు మాంత్రికుడే తీసుకుపోయాడనుకున్నారు పాపం. మెడలో దండలు పడుతుంటే హేమాంగదుడు తలెత్తలేకపోయాడు. అతను కాక నిజం తెలిసింది మిణుగురు ఒక్కదానికే.

"మళ్ళీ తెప్పించలేవా?" అని గొణిగాడు.

"తుడిచింది నా దగ్గర ఉండదు, రాకుమారా."

హేమాంగదుడు కిందికి దిగి, దండలు తీసేసి, అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మీ గొంతులు తీసింది నేను. మాంత్రికుడు చచ్చింది నా పొరపాటువల్ల, నా గొప్పవల్ల కాదు" అన్నాడు. మందారిక ముఖం తిప్పుకుంది. తిట్టడానికైనా ఎవరికీ గొంతు లేదు. అందుకే అతనికి సిగ్గు మరింత ఎక్కువైంది.

అతను ఇంటికి వెళ్ళలేదు. ఇల్లిల్లూ తిరిగి, పసిపిల్లలకి నేర్పినట్టు 'అ' దగ్గర్నుంచి మాటలు నేర్పాడు. ముసలమ్మలు అతని గొంతు మీద చెయ్యి వేసి, ఆ అదురు పట్టుకుని పలికేవారు. ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం మందారిక "నీళ్ళు" అంది. హేమాంగదుడు చెంబు తెచ్చిచ్చి, పక్కకి తిరిగి ఏడ్చాడు.

ఆమెకి తిట్టడానికి సరిపడా మాటలు వచ్చాక ముందు నోరారా తిట్టింది. ఆ తర్వాతే పెళ్ళికి ఒప్పుకుంది.

ఇద్దరూ చాలాకాలం ఆ దీవిని ఏలారు. మాంత్రికుణ్ణి చంపిన వీరుడని ఎవరైనా పొగిడితే, రాజు చెవులు ఎర్రబడేవి. ఆపి, జరిగింది జరిగినట్టు చెప్పేవాడు. ఆ దీవిలో పిల్లలు సభ జరిగేటప్పుడు కూడా కేకలు పెడుతూ ఆడుకునేవాళ్ళట. ఊరుకోండర్రా అని ఆ రాజు ఒక్కసారైనా అనలేదట.