చావని అయిదు దుబ్బులు

అనగనగా కొండవాలు మీద ఒక అడవి, ఆ అడవి అంచున ఒక ఎలుగుబంటి. పేరు కంబళయ్య. ఆయనకు లేత జీడిమామిడి తోట ఉండేది. జీడిపళ్ళంటే కంబళయ్యకు ప్రాణం. వంగి పని చెయ్యాలంటే మాత్రం ప్రాణం పోయేది.

అందుకని వానలు పడగానే తొండ తాతారావు కొట్టుకు వెళ్ళి, గడ్డిమందు తెచ్చి, మొక్కల మధ్య కొట్టాడు. పది రోజుల్లో గడ్డంతా మాడిపోయింది. అయిదు దుబ్బులు మాత్రం పచ్చగా నిలబడ్డాయి.

పక్క తోట ముళ్ళపంది సూరమ్మ వాటిని చూసింది.

"కంబళయ్యన్నా, ఇవి ఈ మందుకు చావని రకం. గింజ రాలకముందే పీకెయ్. లేకపోతే వచ్చే ఏడు వీటి పిల్లలూ చావవు," అంది.

"తోటంతా గెలిచినవాణ్ణి. అయిదు దుబ్బుల కోసం నడుం వంచమంటావా, సూరమ్మా?" అన్నాడు కంబళయ్య.

నిజమే పిల్లలూ, అంత గొప్ప వీరుడికి అంత చిన్న పని చెప్పడం సూరమ్మ తప్పే.

రెండో ఏడు ఆ దుబ్బుల చుట్టూ పది మొక్కల మేర గడ్డి లేచింది. కంబళయ్య మళ్ళీ కొట్టుకు వెళ్ళాడు.

"అదే మందు రెండింతలు కొడితే చస్తుందా?" అని అడిగాడు.

తాతారావు తల ఊపాడు. తొండలు దేనికైనా తల ఊపుతాయని కంబళయ్యకు తెలుసు. కానీ నచ్చిన జవాబు దొరికాక ఇంకా ఆలోచించడం ఎందుకు? రెండింతలు కొట్టాడు. మామూలు గడ్డి చచ్చి, చావని గడ్డికి మర్యాదగా చోటిచ్చింది.

మూడో ఏడు తోటంతా అదే గడ్డి. ఈసారి మూడింతలు కొట్టాడు. గాలికి మందు జీడి మొక్కల మీద పడింది. సగం మొక్కలు ఆకులు రాల్చి ఎండిపోయాయి. గడ్డి మాత్రం నూనె రాసుకున్నట్టు నిగనిగలాడింది. తాను నాటిన మొక్కలను కంబళయ్య తానే పెరికి పారేశాడు.

తలదించుకుని సూరమ్మ దగ్గరకు వెళ్ళాడు.

"ఇప్పుడేం చెయ్యనమ్మా?"

"గింజ కట్టకముందే పీకు. పీకిన చోట ఉలవలు చల్లు, తీగ అల్లుకుని నేలను కప్పేస్తుంది. మందు తప్పదనుకుంటే రకం మార్చు. అప్పటికీ మిగిలినవి చేత్తో పీకు."

"ఎన్నాళ్ళు?"

"నేలలో గింజలు అయిపోయేదాకా. ముందు నా తోటలోకి రా అన్నా. గాలికి నీ గింజలు ఇటే వచ్చి పడ్డాయి."

కంబళయ్య కంచె దాటి, మొదటి దుబ్బు పట్టుకున్నాడు.

నీతి: చావని కలుపును కొంచెంగా ఉన్నప్పుడే పీకాలి. పని చెయ్యని మందునే పెంచుకుంటూ పోతే కలుపు మిగులుతుంది, తోట పోతుంది.