గోడకు పట్టిన చెమట

వానాకాలం సగానికి వచ్చేసరికి సుదత్తుడికి లోకంలో రెండే మిగిలాయి. ఒకటి గోడ, రెండోది గోడ తుడిచే గుడ్డ.

ఆ బౌద్ధ విహారం ఎప్పుడూ మబ్బులో మునిగి ఉండే కొండ మీద ఉంది. వర్షావాసం కాబట్టి వానలు వెనకబట్టేదాకా భిక్షువులెవరూ అక్కడి నుంచి కదలరు. వృద్ధ గురువు ఖేమానందుడికి ఉబ్బసం. చెమ్మ తగిలితే ఊపిరి ఆడదు. మాట మధ్యలో ఆగిపోయి గాలి కోసం వెతుక్కునేవాడు. ఆయన ఈ వానాకాలం గట్టెక్కుతాడా అన్న భయం అందరికీ ఉంది. పైకి మాత్రం ఎవరూ అనేవారు కాదు.

గురువును చూసుకునే పని సుదత్తుడు తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. మరొకరిని చెయ్యి పెట్టనివ్వలేదు. ముందుగా కిటికీలన్నీ బిగించాడు. సందుల్లో భిక్షువులు కట్టుకునే పాత చీవరాల పీలికలు కుక్కాడు. గదిలో కుంపటి పెట్టాడు. గురువుకు వేడినీళ్లు ఏ క్షణాన కావాల్సి వస్తాయోనని దాని మీద కుండలో నీళ్లు కాగుతూనే ఉండేవి. ఉతికిన చీవరాలు బయట ఆరవని గదిలోనే దండెం కట్టి కుంపటి పైన ఆరేశాడు. తన పడకా అక్కడే. తోటి శిష్యుడు నందకుడు ఒక పూట తాను ఉంటానని వస్తే, తలుపు తీస్తే చెమ్మ వస్తుందని గుమ్మంలోంచే పంపేశాడు. వానకు అంత గట్టిగా మొహం మీద తలుపేసినవాడు ఆ కొండ మీద ఇంకొకడు లేడు.

అయినా పొద్దున్నే లేచేసరికి గోడల మీద నీళ్లు జారుతుండేవి. చాప అడుగున బూజు. గురువు కప్పుకునే దుప్పటి చల్లగా, బరువుగా తగిలేది. సుదత్తుడు తుడిచేవాడు, కుంపట్లో మరిన్ని బొగ్గులు వేసేవాడు. మధ్యాహ్నానికి గోడ మళ్లీ తడిసేది. గురువు దగ్గు మాత్రం రోజురోజుకీ ముదిరింది.

ఒక ఉదయం తుడుస్తూ తుడుస్తూనే సుదత్తుడు గోడకు నుదురు ఆనించి నిలబడిపోయాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"ఒక్క చుక్క లోపలికి రానివ్వడం లేదు, భంతే. ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?" అన్నాడు.

ఊపిరి కుదురుకోవడానికి ఖేమానందుడికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత, బయట ఊట దగ్గరికి వెళ్లి చెంబుతో చల్లటి నీళ్లు తెమ్మన్నాడు.

దాహమేమోనని సుదత్తుడు పరుగెత్తాడు. గురువు ఆ నీళ్లు తాగలేదు. ఇత్తడి చెంబును పైనంతా పొడిగా తుడిచి, ఇద్దరి మధ్యా నేల మీద పెట్టమన్నాడు.

ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి చెంబు మెరుపు తగ్గింది. పైన సన్నటి తడి కమ్మింది. అది చుక్కలు కట్టింది. ఒక చుక్క జారి నేలను తాకింది.

"చెంబు... కారుతోందా?" అని అడిగాడు గురువు.

సుదత్తుడు చెంబెత్తి అడుగు చూశాడు. చిల్లు లేదు. తుడిచాడు. మళ్లీ చుక్కలు కట్టాయి. మళ్లీ తుడవబోయాడు, అలవాటు ఎక్కడికి పోతుంది? అప్పుడు అతని చెయ్యి ఆగింది. తలెత్తి చూశాడు. కుండలోంచి ఆవిరి లేస్తోంది. తడి చీవరాల్లోంచి ఆవిరి లేస్తోంది. ఆయన ఊపిరి, తన ఊపిరి కూడా ఈ గదిలోనే ఉన్నాయి. వాటికి పోయే దారి లేదు. దారులన్నీ తన చేతులతో తానే మూశాడు.

సుదత్తుడికి సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఈ ముసలాయనతో ఏం పీల్పించానోనని, అంతకన్నా ఎక్కువ భయమేసింది.

లేచి కుండను వంటపాకకు చేర్చాడు. చీవరాలను వసారాలో ఆరేశాడు. అవి ఎప్పటికి ఆరతాయని గొణిగితే, ఆరినప్పుడే కట్టుకుందామన్నాడు గురువు. సందుల్లోని పీలికలు లాగేసి ఎదురెదురు కిటికీలు తీశాడు. బయట వాన పడుతూనే ఉంది. చల్లగాలి ఒకవైపు నుంచి వచ్చి, గదంతా తిరిగి, రెండోవైపు నుంచి వెళ్లిపోయింది.

కొద్దిరోజుల్లో గోడలు పొడిబారాయి. చాపకు బూజు పట్టడం మానింది. సుదత్తుడు మాత్రం గుడ్డ పట్టుకుని గది చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పొడిగోడను చేత్తో తడిమి చూసి, అయినా తుడిచేవాడు. కళ్లు లోపలికి పోయాయి. కూర్చున్నచోటే తూలుతున్నాడు. నందకుడు మళ్లీ గుమ్మంలోకి వచ్చి నిలబడితే, అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

ఖేమానందుడు పడక మీద నుంచి తానే లేచాడు. గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి, సుదత్తుడి చేతిలోని గుడ్డ తీసుకుని నందకుడికి ఇచ్చాడు.

"లోపల ఇతనుంటాడు. నువ్వు వసారాలోకి వెళ్లి ఆ చీవరాల పక్కన పడుకుని, అవి ఆరేదాకా లేవకు నాయనా," అన్నాడు.

గురువు ఆ మాటంతా ఒక్క ఊపిరిలో అన్నాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

సుదత్తుడు ఆయన ముఖంలోకి చూశాడు. చేతులు జోడించి, గుమ్మం దాటి, వసారాలో నేల మీద పడుకున్నాడు. తలుపు ఎవరూ వెయ్యలేదు.