ఒక్క చుక్కే కదా అన్న దుప్పి

వెదురుకోన అడవిలో దుప్పులు, ఎలుకలు, గోరింకలు ఉండేవి. పిడుదులు కూడా ఉండేవి గానీ, అంత చిన్న పురుగుల్ని ఎవరూ లెక్కచేసేవారు కారు.

దుప్పుల గుంపులో ఒక ఆచారం ఉంది. మధ్యాహ్నం నీడకు చేరాక ప్రతి దుప్పీ తల వంచి చెవులు గోరింకకు అప్పగించాలి. చెవుల మడతల్లో నెత్తురు తాగే పిడుదుల్ని గోరింక ఏరుకుని తినేది. దానికి తిండి, వీటికి హాయి.

గుంపుకు పెద్ద వంకకొమ్ము అనే దుప్పి. దానికి కొమ్ముల కన్నా డాబు ఎక్కువ. పిట్ట ముందు తల వంచడం నామోషీ అనుకునేది. దాన్ని చూసి కుర్ర దుప్పులు కూడా తలలు ఎగరేయసాగాయి.

ఆ వేసవిలో ఒక ఎలుకకు జబ్బు చేసింది. దాని మెడ మీద చిన్న పిడుదు ఒకటి ఉంది. నెత్తురుతో పాటు ఆ జబ్బు కూడా పిడుదు ఒంట్లోకి చేరింది. ఎలుక చచ్చిపోయింది. పిడుదుకు మాత్రం ఏమీ కాలేదు. అది ఆకుల కింద దాక్కుని, పాత చర్మం విడిచి, కాస్త పెద్దదైంది. జబ్బు దాని లోపల అలాగే ఉంది. ఆ తర్వాత గడ్డిపరక కొసకు ఎక్కి, ముందుకాళ్లు చాచి కూర్చుంది.

వంకకొమ్ము ఆ గడ్డిని రాసుకుంటూ నడిచింది. పిడుదు దాన్ని పట్టుకుని చెవి వెనక్కి పాకింది.

"దొరా, చెవి వెనక పిడుదు పట్టింది. కాస్త తల వంచితే తీసేస్తాను" అంది గోరింక.

"అది తాగేది ఒక్క చుక్కే కదా. నా ఒంట్లో నెత్తురుకు కరువా? తాగి పోనీ" అంది వంకకొమ్ము.

గుంపులోని ముసలి ఆడదుప్పికి భయం వేసింది. "అది తాగేదాని గురించి కాదు నాయనా నా బెంగ. తాగుతూ ఏం వదులుతుందో మనకు తెలియదు" అంది.

"అది గింజంతైనా లేని పురుగు పెద్దమ్మా. దాని దగ్గర వదలడానికి ఏముంది?" అని వంకకొమ్ము నవ్వింది.

పిడుదు నెత్తురు పీలుస్తూ తన ఉమ్మిని లోపలికి వదిలింది. ఎలుకను చంపిన జబ్బు ఆ ఉమ్మితో పాటు దుప్పి ఒంట్లోకి దిగింది.

కొద్దిరోజులకు వంకకొమ్ముకు జ్వరం వచ్చింది. కాళ్లు వణికాయి. వాగు దాకా నడవలేక కూలబడింది. తల దానంతట అదే నేలకు వాలింది. అప్పుడు గోరింక వచ్చి పిడుదును పీకేసింది.

"తీసేశావుగా, మరి జ్వరం తగ్గదేం?" అంది వంకకొమ్ము నీరసంగా.

"పిడుదునైతే తీయగలను దొరా. అది లోపల వదిలినదాన్ని నా ముక్కు అందుకోలేదు" అంది గోరింక.

సాయంత్రానికి వంకకొమ్ము ప్రాణం పోయింది. ఎంత డాబుసరిదైనా గుంపును కాచిన దుప్పి కదా, అన్నీ ఏడ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం గోరింక నీడకు వచ్చేసరికి, కుర్ర దుప్పులన్నీ ఎవరూ చెప్పకుండానే తలలు వంచి కూర్చున్నాయి.

నీతి: ఎదుటివాడు మన నుంచి తీసుకునేది కొంచెమే అని ఊరుకోకూడదు, మనలో ఏం వదిలిపోతున్నాడో చూసుకోవాలి.