వెనక స్ప్రింగు

రాజులూ సైకిళ్ళూ కలిసి బతికిన కాలంలో, కొండవలస రాజుగారు ఉత్తరాలు మోసే గున్నమ్మకు సైకిలు కొనిస్తానన్నాడు. కొట్టువాడు కోట ముందు రెండు సైకిళ్ళు నిలబెట్టాడు. గున్నమ్మ ముందువైపు మాత్రమే స్ప్రింగున్న తక్కువ ధర బండిని పట్టుకుంది. రోడ్డుకీ, పొలం గట్టుకీ, కొండకీ అదొక్కటే చాలంది.

దివాను పేరయ్య పెదవి విరిచాడు. “దివాణం పరువేం కాను? ముందూ వెనకా స్ప్రింగులున్న ఖరీదైన బండే కొందాం. తక్కువైన డబ్బు ఉత్తరాలు మోసేవాళ్ళ జీతాల్లో కోద్దాం.”

“అలాగే బాబూ. తమరోసారి దాని మీద ఈ కొండదారి ఎక్కి చూపించండి,” అంది గున్నమ్మ.

దివాను పంచె ఎగ్గట్టి ఎక్కాడు. తొక్కినప్పుడల్లా సీటు ఉయ్యాలలా ఊగింది గానీ, బండి సగం ఎత్తు కూడా ఎక్కలేదు. గున్నమ్మ తన బండి మీద అతన్ని దాటుకుని పైకెళ్ళి తిరిగొచ్చింది.

రాజుగారు నవ్వాపుకుంటూ అడిగాడు. “వెనక స్ప్రింగుతో నీకేం తగువు, గున్నమ్మా?”

“నేను చెమటోడ్చి తొక్కిన బలాన్ని చక్రం దాకా పోనివ్వకుండా మధ్యలోనే మింగేస్తుంది, దొరా. ఆ పనికి దివాణంలో మనుషులు ఉండనే ఉన్నారు. మళ్ళీ డబ్బు పెట్టి కొనడమెందుకు?”